మల్లచంద్రం రాళ్ళు, మా ఇంటి గోడ

మా ఇంటి వెనక గోడకు ఒక గాజు ముక్క అతికించి ఉంది. వేలెడు వెడల్పు, జానెడు పొడవు. రెండు చివర్లా సిమెంటు ముద్ద, పక్కన పెన్సిల్‌తో రాసిన తేదీ. వచ్చిన ప్రతివాళ్ళూ "ఇదేంది, దిష్టికా?" అని అడుగుతారు. దిష్టికి కాదు. దాని కథ చెప్పాలంటే ముందు ఆ గోడ మీద బీట గురించి చెప్పాలి, తర్వాత షోలాపూర్ నించి వచ్చిన మా బావ గురించి, ఆ తర్వాత మేమందరం ఎక్కిన మల్లచంద్రం గుట్ట గురించి.

బీట నాలుగేళ్ళ కిందటిది. 2021 నవంబర్ ఆఖర్లో ఒక తెల్లవారుజామున వేలూరు పక్కన భూమి అదిరింది. 3.6 అని పేపర్లో వేశారు. మళ్ళీ నెలలోపలే చిక్కబళ్ళాపురం దగ్గర ఒకసారి. మన హోసూరుకు ఒకటి ఈ పక్క, ఒకటి ఆ పక్క. నేనైతే ఏమీ ఎరగను. ముప్పై ఏళ్ళు రింగ్ ఫ్రేముల మధ్య నిలబడ్డ కాళ్ళకు నేల వణకడం కొత్తగా అనిపించదు. కానీ ఆ వారంలో మా వీధిలో మూడిళ్ళకు బీటలు కనిపించాయి. అప్పుడే వచ్చాయో, ముందునించీ ఉండి అప్పుడు చూశామో ఎవరికి తెలుసు? ఒకరు భూకంపం అన్నారు. ఇంకొకరు కాదు, రాళ్ళ క్వారీలో మందు పేలుస్తున్నారు, అదే అన్నారు. చివరికి క్వారీ మీదే అర్జీ రాశాం. నేనూ సంతకం పెట్టాను, రెండో పేరు నాదే. అర్జీ ఏమైందని అడక్కండి.

ఈ ఏడాది మా అబ్బాయి వెనక భాగం పడగొట్టకుండానే దాని మీద ఒక గది వేద్దామన్నాడు. చెల్లెలి పెళ్ళి లోపల ఇల్లు కాస్త పెద్దగా కనిపించాలని వాడి ఆరాటం. ఉన్న డబ్బు ఎంతో నాకు తెలుసు, వాడికీ తెలుసు. మేస్త్రి వచ్చి లెక్క వేసి, "లింటెల్ మట్టంలో చుట్టూ కాంక్రీటు పట్టీ వేస్తే మంచిది, అయితే కమ్మీ సిమెంటు ఖర్చు పెరుగుతుంది" అన్నాడు. మా వాడు వెంటనే, "మన హోసూరుకు భూకంపం ఎప్పుడొచ్చింది నాన్నా? అంతా బండరాయి. పట్టీ ఎందుకు?" అన్నాడు. నాకూ అదే నిజమనిపించింది. సరేనన్నాను.

సరిగ్గా అప్పుడు, సంక్రాంతి అయ్యాక, మా అక్క, బావ, వాళ్ళ అమ్మాయి దిగారు.

మా అక్కను షోలాపూర్ ఇచ్చాం. అక్కడ మన తెలుగు పద్మశాలీలు వేలల్లో ఉన్నారు, మగ్గాలూ మిల్లులూ చాదర్లూ వాళ్ళ చేతుల మీదనే నడిచాయి. మా బావ కూడా మిల్లు మనిషే, తర్వాత పవర్‌లూమ్. ఆయన మాట్లాడే తెలుగులో సగం మరాఠీ. మనిషి నెమ్మది. కానీ మా వాడి మాట విని భోజనం దగ్గర ఆగిపోయాడు.

"లాతూరోళ్ళు కూడా ఇదే అన్నార్రా అబ్బాయ్," అన్నాడు.

1993 సెప్టెంబర్ 30. అంతకు ముందు సాయంత్రమే వినాయకుణ్ణి నిమజ్జనం చేసి జనం అలసి పడుకున్నారు. తెల్లవారుజామున నాలుగు కావస్తుంటే కిల్లారి దగ్గర భూమి కదిలింది. తీవ్రత 6.2. షోలాపూర్‌లో మా అక్కావాళ్ళు వంటసామాన్లు కింద పడ్డ చప్పుడుకు లేచి, పిల్లను దుప్పటితో సహా ఎత్తుకుని వీధిలోకి పరిగెత్తారట. ఆ దుప్పట్లో పిల్లే మా మేనకోడలు. వీధంతా మనుషులు, ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తెల్లారాక సంగతి తెలిసింది. కిల్లారి, చుట్టుపక్కల పల్లెల్లో సుమారు 10,000 మంది పోయారు. రెండు రోజుల తర్వాత మిల్లు నించి రొట్టెలు, దుప్పట్లు తీసుకుని వెళ్ళిన లారీలో మా బావ కూడా ఉన్నాడు.

"ఇళ్ళు చిన్నవేం కాదు బామ్మర్దీ. గోడలు రెండడుగులు, మూడడుగుల మందం. చూస్తే కోట గోడలే. అయితే ఏం? మట్టిలో పేర్చిన గుండు రాళ్ళు. ఈ ముఖానికి ఒక వరస, ఆ ముఖానికి ఒక వరస, నడుమ పిడప రాళ్ళు. రెండిటినీ పట్టుకునే రాయి ఒక్కటి లేదు. పైన ఎండకు చల్లగా ఉండాలని అడుగున్నర మట్టి కప్పు. భూమి అదిరేసరికి గోడ నిలువునా రెండుగా చీలింది, కప్పు మనుషుల మీద కూర్చుంది. అదే ఊళ్ళో గుడిసెల్లో ఉన్నోళ్ళు లేచొచ్చినారు."

అప్పటి ప్రభుత్వం మ్యాపులో ఆ ప్రాంతం అన్నిటికంటే భయం తక్కువ ఉన్న మొదటి మండలంలో ఉండేది. ముందు ఏడాది చిన్న చిన్న ప్రకంపనలు వచ్చినా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. దక్కను నేల గట్టిది, కదలదు అనుకున్నారు. ఆ తర్వాత 2002లో మ్యాపును తిరగరాసినప్పుడు ఆ మొదటి మండలాన్నే తీసేశారు. అంటే దేశంలో భయమే లేని చోటు ఇదీ అని గీసి చూపించడం మానేశారు.

మా మేనకోడలు హైస్కూల్లో చరిత్ర చెబుతుంది. అది అందుకుని, "మామయ్యా, కిల్లారికి అంతకు ముందు భూకంపం తెలీదని అనుకున్నారు కదా, తెలీకపోవడం వేరు, రాకపోవడం వేరు" అంది. తర్వాత టేర్ సంగతి చెప్పింది.

టేర్ అన్నది షోలాపూర్‌కూ లాతూరుకూ మధ్య, తేర్ణా నది ఒడ్డున ఉన్న పాత ఊరు. రెండువేల ఏళ్ళ కిందట దాని పేరు తగర. ఆ కాలంలో గ్రీకు నావికుడొకడు రాసిన పుస్తకంలో కూడా ఆ పేరుంది. అక్కడి బట్టలు బండ్ల మీద బరుకచ్చానికి, అంటే ఇప్పటి భరూచ్ రేవుకు వెళ్ళేవట. నేత ఊరన్నమాట, మనవాళ్ళ ఊరే అనుకోవచ్చు. కిల్లారి తర్వాత భూగర్భ శాస్త్రవేత్తలు సి.పి. రాజేంద్రన్, కుసల రాజేంద్రన్ ఆ చుట్టుపక్కల నేలను వెతికారు. టేర్ దగ్గర మట్టి పొరలు విరిగి, జరిగి, వంగి ఉండడం చూశారు. పాత కాలం మనుషులు వాడి పారేసినవి ఉన్న పొరలతో పోల్చి చూసి, సుమారు 1500 ఏళ్ళ కిందట అక్కడ పెద్ద భూకంపం వచ్చి ఉండాలని రాశారు. ఏ తాళపత్రంలోనూ లేని సంగతి మట్టి చెప్పింది.

మా వాడు అంతా విని, "అయితే మన దగ్గర కూడా రాళ్ళనే అడుగుదాం" అన్నాడు, నవ్వులాటకే. మా మేనకోడలు మాత్రం నిజంగానే తీసుకుంది. మర్నాడు ఆదివారం.

హోసూరు బస్టాండులో కృష్ణగిరి బస్సు ఎక్కాం. సిప్‌కాట్ దాటాక రెండు పక్కలా కొండలు మొదలవుతాయి. శూలగిరి కొండ మూడు కొనలతో శూలం లాగానే కనిపిస్తుంది, ఈ దారిన నేను వందలసార్లు వెళ్ళినా అది కనిపించగానే మొక్కుతాను. శూలగిరిలో దిగి ఒక ఆటో మాట్లాడుకున్నాం. ఆటో అబ్బాయి తమిళంలో మొదలుపెట్టి, మా అక్క గొంతు వినగానే తెలుగులోకి దిగాడు. మన జిల్లాలో ఇది మామూలే. హైవే వదిలాక మామిడి తోటలు. చెట్లకు పూత పడుతోంది. అక్కడక్కడ చప్టా చేసినట్టు కోసేసిన కొండలు, గ్రానైటు దిమ్మెలు ఎత్తే క్రేన్లు.

మల్లచంద్రం ఊరి వెనక గుట్ట. చెట్టూ చేమా తక్కువ, ఎక్కువంతా ఒకే బండ. ఆ బండ మీద రాతి పలకలతో కట్టిన చిన్న చిన్న గదులు. నాలుగు పక్కలా నిలువు పలకలు, పైన ఒక పెద్ద కప్పు బండ. ముందు పలకకు గుండ్రటి కన్నం, చిన్నపిల్లలైతే దూరగలరు. కొన్నిటి చుట్టూ పై అంచు గుండ్రంగా చెక్కిన పలకలు పూల రేకుల్లాగా నిలబెట్టి ఉన్నాయి. ఒకదానిలో వంగి చూస్తే లోపలి గోడ మీద తెల్ల రంగు బొమ్మల ఆనవాలు. రాయలసీమలో వీటిని రాకాసి గుళ్ళు అంటారు. ఇక్కడివాళ్ళు పాండవుల ఇళ్ళు అంటారు. నిజానికి ఇవి ఇళ్ళూ కావు, గుళ్ళూ కావు. ఇనుము వాడిన తొలి కాలపు మనుషులు చనిపోయినవాళ్ళ కోసం కట్టినవి. కనీసం రెండువేల ఏళ్ళ పైమాట. మన జిల్లాలోనే మయిలాడుంపారైలో 2021లో తవ్వినప్పుడు దొరికిన బొగ్గును పరీక్ష చేసి, అక్కడ ఇనుము క్రీస్తు పూర్వం 2172 నాటికే ఉందని తేల్చారు. అంటే 4200 ఏళ్ళు. మిల్లులో ఇనుముతో బతుకంతా గడిపినవాడికి ఆ మాట వింటే ఒళ్ళు కాస్త గగుర్పొడుస్తుంది.

"ఇప్పుడు చెప్పమ్మా, ఇవి ఇన్నేళ్ళు నిలబడ్డాయంటే ఇక్కడ భూకంపం రానట్టే కదా?" అన్నాడు మా వాడు. వాడికి కావలసిన జవాబు అది.

"తొందర పడకు బావా," అంది మేనకోడలు. (దానికి వాడు బావే. ఆ సంబంధం గురించి మా అక్క ఏమనుకుంటోందో నాకు తెలుసు, ఇక్కడ రాయను.) "ముందు పడినవి చూద్దాం, తర్వాత పడనివి."

పాత కట్టడాలను చూసి పాత భూకంపాలను కనిపెట్టే చదువు ఒకటి ఉందట. పురావస్తు తవ్వకాలు చేసేవాళ్ళు, భూగర్భ శాస్త్రం తెలిసినవాళ్ళు, ఇంజనీర్లు ముగ్గురూ కలిస్తేనే అది సాగుతుంది. వాళ్ళు వెతికే గుర్తులు కొన్ని మాకు చెప్పింది. స్తంభాలు వరసగా ఒకే దిక్కుకు పడి ఉండడం ఒకటి. మామూలుగా పాతబడి కూలేవి ఒక్కొక్కటి ఒక్కో కాలంలో ఒక్కో పక్కకు పడతాయి, అన్నీ ఒకే పక్కకు పడ్డాయంటే ఒకేసారి తోశారనుకోవాలి. రెండు కిటికీల మధ్య గోడ మీద ఇంటూ గుర్తులాంటి పగులు ఇంకొకటి. నేల గోడను ఈ పక్కకు లాగినప్పుడు ఒక ఏటవాలు పగులు, ఆ పక్కకు లాగినప్పుడు ఇంకొకటి, రెండూ కలిస్తే ఇంటూ. కమాను నడిమి రాయి కిందికి జారి ఉండడం, స్తంభంలో ఒక దిమ్మె తన చోటనే తిరిగి ఉండడం కూడా గుర్తులే. అన్నిటికంటే గట్టి సాక్ష్యం, పడిన కప్పు కింద మనుషులు. సైప్రస్ దీవిలో కూరియన్ అనే పాత ఊరు తవ్వినప్పుడు 1980లలో ఒక ఇంట్లో మూడు అస్థిపంజరాలు బయటపడ్డాయి. మగమనిషి, ఆడమనిషి, ఆమె దగ్గర పసిపిల్ల. మగమనిషి వాళ్ళ మీద చెయ్యి అడ్డం వేసి ఉన్నాడు. క్రీస్తు శకం 365 నాటి భూకంపంలో పోయారని అక్కడి నాణేలు మిగతా వస్తువులు చూసి తేల్చారు.

ఇది చెప్పేటప్పుడు మా అక్క అవతలికి తిరిగి నిలబడింది. షోలాపూర్ వీధిలో దుప్పటి గుర్తొచ్చి ఉంటుంది.

ఇక మల్లచంద్రంలో పడినవి. చాలా ఉన్నాయి. నేనూ మా వాడూ ఒక్కొక్క దాని దగ్గర నిలబడి, ఏ పక్కకు పడిందో సూర్యుణ్ణి చూసి దిక్కు చెబుతుంటే అది పుస్తకంలో గీసుకుంది. తూర్పుకు ఒకటి, దక్షిణానికి ఒకటి, ఇంకొకటి లోపలికే కూలింది. ఒక వరస లేదు. ఇంకా దగ్గరగా చూస్తే అసలు సంగతి బయటపడింది. కొన్ని పలకల అంచున వరసగా ఉలి గుంతలు, రాయి కొట్టేవాళ్ళు చీలిక కోసం పెట్టేవి. కొన్నిటిలో లోపలి నేల గునపాలతో తవ్వి ఉంది, నిధి ఉందనుకున్న మహానుభావుల పని. పునాది కింద తవ్వేస్తే పలక వంగక ఏం చేస్తుంది?

"ఇదీ కష్టం మామయ్యా," అంది. "పడిన రాయి కనపడగానే భూకంపం అనేస్తే సులువు. మనిషి పడేశాడా, నీళ్ళు పడేశాయా, చెట్టు వేరు లేపిందా, కట్టినవాడే సరిగా కట్టలేదా, అన్నీ ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వచ్చి, ఇంకేమీ మిగలకపోతే అప్పుడు ఆ మాట అనాలి. లేకపోతే ఏదో పుస్తకంలో ఒక భూకంపం తేదీ దొరికిందని, చుట్టుపక్కల పడిన గోడలన్నిటినీ దాని లెక్కలో రాసేస్తారు. ఆ గోడలు చూపించి మళ్ళీ ఆ భూకంపం ఎంత పెద్దదో చెబుతారు. ఎద్దు గానుగ చుట్టూ తిరిగినట్టు."

రాతా రాయీ రెండూ కలిసినప్పుడు నమ్మకం పెరుగుతుంది. ఢిల్లీ కుతుబ్ మినార్ మీది గుమ్మటం 1803 భూకంపంలో పడిపోయిందన్నది అలాంటిదే, రాసినవాళ్ళూ ఉన్నారు, మినార్ మీద మరమ్మతూ ఉంది. మన దక్షిణంలో 1843 బళ్ళారి, 1900 ఫిబ్రవరి 8 కోయంబత్తూరు భూకంపాలు కాగితాల మీద ఉన్నాయి. థామస్ ఓల్డ్‌హామ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కూడబెట్టిన భారత భూకంపాల జాబితాను ఆయన కొడుకు 1883లో అచ్చు వేయించాడు. కానీ ఆ కాగితాలు రెండు మూడు వందల ఏళ్ళకు మించి గట్టిగా వెనక్కి వెళ్ళవు. అంతకు ముందు సంగతి కావాలంటే రాళ్ళనూ మట్టినీ అడగాల్సిందే.

మరి పడనివి? కప్పు బండతో సహా నిక్షేపంగా నిలబడ్డ గదులు కొన్ని ఉన్నాయి. మా బావ ఒకదాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. నాలుగు పలకలూ మూల దగ్గర కలిసేచోట ఒక పలక చివర ఇంకో పలకను దాటి బయటికి వస్తుంది. దాన్ని ఇంకోటి, దాన్ని మరోటి. పైనించి చూస్తే స్వస్తిక్ ఆకారం. లోపలికి వంగబోయే ప్రతి పలకనూ పక్కది ఆపుతుంది, పైనించి కప్పు బండ బరువు అదిమి పెడుతుంది. సున్నం లేదు, మట్టి లేదు, పునాదికి గుంత కూడా లేదు, బండ మీద బండ.

"చూసినావా బామ్మర్దీ, ఒకదాన్ని ఒకటి పట్టుకున్నాయి," అన్నాడు బావ. "కిల్లారి గోడల్లో ఇదే లేదు."

మా వాడు మళ్ళీ మొదటికొచ్చాడు. "అంటే పెద్ద భూకంపం రాలేదనేగా?"

ఇక్కడ నాకే ఒకటి తోచింది. ఫ్రేము మీద ఖాళీ బాబిన్ నిలబెడితే మిషన్ అదురుకు అది నడుచుకుంటూ వెళ్ళి పడుతుంది. అదే బాబిన్ల డబ్బా పెడితే కదలదు. ఈ పాండవుల ఇళ్ళు డబ్బాలు. పొట్టివి, వెడల్పువి. ఒక మాదిరి అదురుకు ఇవి పడవు. కాబట్టి ఇవి నిలబడ్డాయి కదా అని భూమి కదల్లేదని చెప్పలేం. అడగాల్సింది బాబిన్లను.

మేనకోడలు నా భుజం తట్టింది, బడిపిల్లాడిని తట్టినట్టు. మన కృష్ణగిరిలో బాబిన్లు లేకపోలేదు, చుట్టూ ఉన్న కొండల మీద ఒకదాని మీద ఒకటి నిలబడ్డ గుండ్లే. తోస్తే పడేటట్టు కనిపించి పడకుండా ఉన్న రాళ్ళు. మన నేల రాయి సుమారు 250 కోట్ల ఏళ్ళది. మట్టి కింద ఉండగానే పగుళ్ళ వెంట నీళ్ళు దిగి మూలలు అరిగి గుండ్రమయ్యాయి, మట్టి కొట్టుకుపోయాక బయటపడి అలా నిలిచాయి. ఎవరో రాక్షసుడు పెట్టినవి కావు. అమెరికాలో నెవడా విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ బ్రూన్ అనే శాస్త్రవేత్త ఇలాంటి రాళ్ళనే సాక్షులుగా తీసుకున్నాడు. ఎంత అదిరితే ఈ రాయి పడుతుందో లెక్క కట్టి, ఎన్నాళ్ళ నించి ఇది ఇలా నిలబడి ఉందో ఇంకో పరీక్షతో తేలిస్తే, అన్నాళ్ళలో అంతటి అదురు ఇక్కడ రాలేదని చెప్పొచ్చు. ఆకాశంలోంచి పడే కిరణాలు రాతి పైపొరలో చేసే మార్పును కొలిచి ఆ వయసు చెబుతారు. మహాబలిపురంలో ఏటవాలు బండ మీద ఆగిన కృష్ణుడి వెన్నముద్ద మీరూ చూసే ఉంటారు. 2001 సెప్టెంబర్ 25న పుదుచ్చేరి సముద్రంలో 5.5 వచ్చి మద్రాసు దాకా అదిరినా అది అక్కడే ఉంది.

అయితే మల్లచంద్రం గుట్ట మీద నిలబడి చూస్తుంటే ఎదుటి కొండ సగం కోసేసి ఉంది. ఆ సగంలో ఎన్ని సాక్షులు పోయాయో. ఎగుమతైన గ్రానైటు పలక ఏ దేశంలో ఎవరి వంటింట్లో ఉందో దాన్ని వెళ్ళి అడగలేం కదా.

మధ్యాహ్నం కృష్ణగిరి చేరి అన్నం తిని, సయ్యద్ బాషా కొండ మీది కోట సగం దాకా ఎక్కాం. మోకాళ్ళు ఒప్పుకోలేదు. కోట గోడ ఒకచోట కూలి ఉంటే మా వాడు "భూకంపం!" అని అరిచాడు, ఈసారి ఆట పట్టించడానికే. అక్కడి కూలిన గోడలకు చాలా లెక్కలు చెప్పుకోవచ్చు. 1791లో ఇంగ్లీషు సైన్యం టిప్పు చేతిలోంచి ఈ కోట లాక్కోవాలని పైకి వచ్చింది, మరుసటి ఏడాది శ్రీరంగపట్నం ఒప్పందంలో బారామహల్ అంతా వాళ్ళకు పోయింది. ఫిరంగులు, తర్వాత వానలు, తర్వాత ఇళ్ళకు రాళ్ళు మోసుకుపోయినవాళ్ళు. భూకంపం దాకా పోవలసిన పనే లేదు.

దిగేటప్పుడు నాకు రామప్ప గుడి గుర్తొచ్చింది. నాలుగేళ్ళ కిందట మిల్లు స్నేహితులతో వరంగల్ వెళ్ళినప్పుడు చూశాను. ములుగు జిల్లా పాలంపేటలో 1213లో కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన శివాలయం. లోపల నేల అలలాగా పైకీ కిందికీ ఉంటుంది, కాళ్ళకు తెలుస్తుంది. స్తంభాలు అటూ ఇటూ వంగినా గుడి నిలిచే ఉంది. గైడు, "పదిహేడో శతాబ్దంలో భూకంపం, పునాది కింద ఇసుక పోశారు కాబట్టి తట్టుకుంది" అని ఒక్క ఊపిరిలో చెప్పాడు. నేను నమ్మి ఇంటికొచ్చి అందరికీ అదే చెప్పాను. ఇసుక పునాది నిజమే, గోపురానికి నీళ్ళలో తేలే ఇటుకలు వాడారన్నదీ నిజమే. మరి నేల వంగింది భూకంపానికా? ఇసుక నీళ్ళకు కిందికి జారి కుంగినా నేల అలాగే వంగొచ్చు కదా? మేనకోడలిని అడిగాను. అన్నిటికంటే ముందు ఆ ప్రశ్న వేసుకోవడమే పని అంది. 2024 డిసెంబర్ 4 పొద్దున ఏడున్నరకు అదే ములుగు జిల్లాలో 5.3 భూకంపం వచ్చింది, హైదరాబాదు దాకా తెలిసింది. కాబట్టి ఆ నేలకు అదురు తెలియనిది కాదు. 1969లో భద్రాచలం, 1967లో ఒంగోలు కూడా అదిరినవే. అయినా ఒక గుడి నేల వంకరకు కారణం చెప్పాలంటే ఆ గుడి కిందకే చూడాలి.

సాయంత్రం ఇంటికొచ్చాక కాఫీ గ్లాసు పట్టుకుని మా బావ వెనక్కి వెళ్ళాడు. బీట దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

"ఇది కింద దారమంత ఉంది, పైన వేలు పడతాంది. చూడు."

చూశాను. నాలుగేళ్ళుగా చూస్తున్న బీట. కింద సన్నం, పైకి పోయేకొద్దీ వెడల్పు.

"ఇంటూ లేదు, ఏమీ లేదు. మూల కుంగింది. ఈ మూల కిందికి దిగతా గోడను బయటికి లాగుతాంది. నీళ్ళెక్కడికి పోతాయి?"

నీళ్ళు ఎక్కడికి పోతాయో నాకు తెలుసు. ఆరేళ్ళ కిందట స్నానాల గది నేనే దగ్గరుండి పెంచాను. పైపు కాలువ దాకా వేయించడానికి డబ్బు చాలక మూల దగ్గర వదిలేశాను, తర్వాత చూద్దాంలే అని. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. గునపంతో మూల దగ్గర జానెడు తవ్వితే మట్టి పిండిలాగా చేతికి వచ్చింది.

క్వారీ మీద అర్జీలో రెండో సంతకం నాది. అది గుర్తొచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. క్వారీ పేలుడికి మా వంటింట్లో గిన్నెలు మోగడం అబద్ధం కాదు, మిగతా రెండిళ్ళ బీటల సంగతి వేరేగా చూడాలి. కానీ నా బీట మాత్రం నాదే. మర్నాడు ఆ రెండిళ్ళకూ వెళ్ళి చెప్పాను. ఒకాయన నవ్వాడు. ఇంకొకాయన వారం రోజులు మాట్లాడలేదు, నా వల్ల అర్జీ బలం పోతుందని.

గాజు ముక్క అప్పుడు అతికించిందే. పైపు కాలువ దాకా వేసి, మూలలో మెత్తటి మట్టి తీసి కాంక్రీటు నింపాక, బీటకు అడ్డంగా పెట్టాం. గోడ ఇంకా కదులుతుంటే గాజు పగులుతుంది, నిలిచిపోతే పగలదు. మీ ఇంట్లోనూ చేసుకోవచ్చు, పెద్ద ఖర్చు కాదు, పగిలిన అద్దం ముక్క చాలు. తేదీ రాయడం మాత్రం మరవద్దు. ఆ తేదీ లేకపోతే అది ఉత్త గాజు ముక్కే.

ఇక పట్టీ గొడవ. మా వాడు ఒక పట్టాన ఒప్పుకోలేదు. "రాళ్ళు చూశాం కదా, భూకంపం వచ్చిందని ఒక్క గుర్తూ లేదు" అన్నాడు. "రాలేదని కూడా ఒక్క గుర్తూ లేదు" అంది మేనకోడలు. మా బావ ఈ వాదంలోకి దిగలేదు. వంటింట్లోంచి వెదురు గంప తెచ్చి, దాని అంచు చుట్టూ కట్టిన పట్టీ మీద చెయ్యి పెట్టి, "ఇది విప్పేసి దీంట్లో వడ్లు పొయ్యి చూద్దాం" అన్నాడు. కిటికీల తలల మీదుగా ఇల్లంతా చుట్టి వచ్చే కాంక్రీటు పట్టీ చేసే పని అదేనట, నాలుగు గోడలు నాలుగు దిక్కులకు పోకుండా ఒకదానికొకటి కట్టేసి పెట్టడం. కిల్లారి తర్వాత అక్కడ మళ్ళీ కట్టిన ఇళ్ళలో ఈ పట్టీని చూశానన్నాడు.

మేస్త్రిని మళ్ళీ పిలిచాం. బీటపడ్డ గోడ మీద గది వద్దని ఆయనే అన్నాడు. ఆ గోడ తీసేసి కొత్తగా కట్టాలి, పట్టీ దాని మీదనించే పోవాలి. లెక్క వేస్తే పెళ్ళి లోపల గది పూర్తి కాదు. కింది గోడలూ పట్టీ మాత్రం అవుతాయి, పైన రేకులు. పెళ్ళికి వచ్చేవాళ్ళు రేకుల కిందనే కూర్చుంటారు. మా అమ్మాయిని అడిగితే, "ఫోటోలు ముందు వాకిట్లో తీయించుకుంటాలే" అంది. ఖర్చులో సగం నా పీఎఫ్ డబ్బులోంచి ఇస్తానన్నాను. మిగతా సగం గురించి మా వాడు ఇంకా మొహం ముడుచుకునే ఉన్నాడు గానీ, నిన్న సాయంత్రం కమ్మీలు దించింది వాడే.

వచ్చే వారం గోడ పడగొడతారు. గాజు ముక్కను ముందే జాగ్రత్తగా ఊడదీయమని మేస్త్రికి చెప్పాను. ఇప్పటికి ఎనిమిది నెలలు, ఇంకా పగల్లేదు.